ఇసుక మనిషిని మోసినవాడు

నలుగురు మనుషులు ఒక మ్యాపూ ఒక దిక్సూచీ చేతబట్టుకుని ఎండలో గుట్టలెక్కి దిగడం, మధ్యమధ్య ఆగి తుపాకులతో ఇనపరేకులు కొట్టడం, ఆ పైన ఎవరో పనిగట్టుకుని పెట్టిన చిక్కుముడులు విప్పడం, ఇదంతా కలిపి ఒక పోటీ అంటే పనీపాటా లేనివాళ్ల వేషాలనుకుంటారు ఎవరైనా. కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే చెల్లెలు మాత్రం ఏనాడూ అలా అనుకోలేదు. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఆ పోటీ అంటే అన్నయ్య, అన్నయ్య అంటే ఆ పోటీ.

అన్నయ్య పంపుల ఫ్యాక్టరీలో సెక్యూరిటీ ఆఫీసరు. ఏటా ఫ్యాక్టరీ తరఫున జట్టు కట్టుకుని వెళ్లేవాడు, ఏదో ఒక కప్పు పట్టుకుని వచ్చేవాడు. తండ్రి లేని ఇంట్లో ఆమెకు సైకిలు నేర్పింది ఆయనే. చేతికి గాలి తుపాకీ ఇచ్చి పెరటిగోడ మీద సీసామూతలు కొట్టించిందీ ఆయనే. ఊపిరి బిగబట్టకు, వదిలేసి ఆగు, అప్పుడు నొక్కు అని చెవిలో చెప్పేవాడు. ఆ మాటలు ఆమెకు ఎక్కాల కంటే బాగా వచ్చు. అన్నయ్య గీసిన గీత దాటని పిల్ల అని అమ్మ అందరికీ చెప్పుకునేది, అదేదో బిరుదైనట్టు.

ఆమె భర్త సర్వే ఆఫీసులో మ్యాపులు గీస్తాడు. సన్నటి మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు, నవ్వినా చప్పుడు కాదు. పెళ్లయిన వారానికే అన్నయ్య ఆయనకు 'పటం' అని పేరు పెట్టాడు. మేకు కొట్టి గోడకు తగిలిస్తే తీసేదాకా అక్కడే ఉంటాడని దాని భావమట. పటం వచ్చిందా, పటానికి టీ ఇచ్చారా అని హాల్లోంచి కేకేసేవాడు. అందరూ నవ్వేవాళ్లు. భర్తా నవ్వేవాడు. మొదట్లో చెల్లెలు కూడా నవ్వింది. ఆ తర్వాత ఆ నవ్వు ఆమెకు గొంతులో చేపముల్లులా అడ్డం పడడం మొదలైంది. అన్నయ్య కళ్లలో తన మొగుడు ఒక మనిషిగా లెక్కకు రావాలి. ఆమె కోరిందల్లా అదే.

ఆ ఏడు జట్టులో దారి చూసే మనిషికి మోకాలు పట్టేసింది. సందు దొరికింది కదాని చెల్లెలు అన్నయ్య వెంటపడింది. మ్యాపు చదవడంలో మా ఆయన్ని మించినవాడు నీకు దొరకడు అంది. ఇంట్లోవాళ్లను జట్టులోకి తీసుకోవచ్చని నిబంధన ఉండనే ఉంది, తుపాకీ కాల్చడానికి ఆమె అప్పటికే జట్టులో ఉంది. అన్నయ్య చాలాసేపు నవ్వి, సరే, గోడ మీంచి దింపి దుమ్ము దులుపుదాం అన్నాడు. మర్నాటి నుంచి భర్త తెల్లవారకముందే లేచి వీధుల్లో పరుగు మొదలుపెట్టాడు. కుక్కలు వెంటపడితే ఇంకాస్త గట్టిగా పరిగెత్తేవాడు. ఇంటికొచ్చి గుమ్మం మీద కూలబడి, ఇవాళ మీ అన్నయ్య చూసుంటే బాగుండేదనేవాడు. ఆ మాటకు ఆమెకు ముద్దొచ్చేది, జాలీ వేసేది.

నాలుగోవాడు గోదాములో క్రేను నడిపే మనిషి. అందరూ క్రేనన్న అనే పిలుస్తారు. అన్నయ్య ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ. సొంతంగా ఒక అభిప్రాయం ఉన్నట్టు ఎవరూ ఎప్పుడూ వినలేదు.

పోటీ ఊరి బయట, రాయి తవ్వి వదిలేసిన క్వారీల మధ్య. బయల్దేరేచోట అందరి ఫోన్లూ తీసేసుకున్నారు, దారి ఫోన్లో చూసుకుంటే పోటీ ఏముంది? జట్టుకు రెండు తుపాకులు. తూటాలు దారిలో ఆగే మజిలీల్లోనే ఇస్తారు, ఉత్త తుపాకులు మాత్రం దారంతా మోయాలి. మొదటి మజిలీలో చెల్లెలు ఒక్క రేకు వదలకుండా కొట్టింది. నా పెంపకం అని అన్నయ్య పక్క జట్టువాళ్లకు చెప్పుకున్నాడు. ఆమె గుండె పొంగింది. అదే చివరిసారి పొంగడం.

అక్కడి నుంచి కదిలేటప్పుడు అన్నయ్య తన తుపాకీ తీసి భర్త మెడలో దండలా వేశాడు. నువ్వు కాగితం చూస్తూ నడవడమేగా, కాస్త మగాడిలా బరువు మొయ్యి అన్నాడు. క్రేనన్న నవ్వాడు. భర్త పట్టీ సర్దుకున్నాడు.

దిక్సూచి ముల్లుకు ఇనుమంటే మహా మోజు. దగ్గర్లో ఇనుముంటే ఉత్తరాన్ని మర్చిపోయి అటు తిరుగుతుంది. అందుకే దిక్కు చూసేవాడు తుపాకీ తీసి పక్కనపెట్టి, నాలుగడుగులు అవతలకు వెళ్లి చూస్తాడు. మ్యాపులతో బతికేవాడికి ఈ సంగతి తెలియక కాదు. క్వారీ అంచున దారి రెండుగా చీలినచోట భర్త ఆగి, పట్టీని తల మీదికి ఎత్తబోయాడు. సరిగ్గా అప్పుడే అన్నయ్య, ఏం పటం, అప్పుడే బరువైపోయిందా అన్నాడు. ఎత్తిన పట్టీ మళ్లీ మెడ మీదికి జారింది. తుపాకీ రొమ్ము మీద ఉండగానే భర్త దిక్సూచి చేతిలోకి తీసుకుని చూశాడు, అటు అని చెయ్యి చూపించాడు. చెల్లెలు ఇదంతా కళ్లారా చూసింది. నోరు తెరవలేదు. తెరిస్తే మొగుణ్ని పెళ్లాం వెనకేసుకొస్తోందంటాడని భయం. ఆ ఇంట్లో పెరిగినవాళ్లకు ఎగతాళి అంటే ఉన్న భయం పులంటే కూడా ఉండదు.

ఆ దిక్కు వాళ్లను తీసుకెళ్లి తోళ్లు శుద్ధి చేసే షెడ్ల మురుక్కాలువలో దించింది. పైకి గడ్డి, కింద నల్లటి బురద. అడుగేస్తే మోకాలి దాకా దిగబడి, పైకి లాగితే చప్పరించినట్టు శబ్దం చేసింది. బురదలో వెంట్రుకలు, కొవ్వు ముక్కలు, ఊడిన గిట్టలు. కంపు ముక్కులోంచి కాకుండా నాలుక మీదికి నేరుగా వచ్చింది. చెల్లెలు గట్టు పట్టుకుని వాంతి చేసుకుంది. బయటపడేసరికి వెనక వచ్చిన జట్లన్నీ ముందుకెళ్లిపోయాయి.

అన్నయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చెయ్యి చాపి భర్త నడుముకున్న నీళ్ల సీసా అడిగి తీసుకున్నాడు. గట్టు మీద కూచుని, ఆ నీళ్లతో తీరిగ్గా తన బూట్లు కడుక్కున్నాడు. ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి, వేలు పెట్టి లేసుల మధ్య కూడా. దారి తప్పించినవాడి నీళ్లతోనే కదా కడగాల్సింది అని, ఖాళీ సీసా తిరిగిచ్చాడు. క్రేనన్న మళ్లీ నవ్వాడు. భర్త దాన్ని తీసుకుని మూత పెట్టి మళ్లీ నడుముకు తగిలించుకున్నాడు. ఖాళీ సీసాకు మూత! ఆ పని చూస్తే చెల్లెలికి తోలు కాలువ కంటే ఎక్కువ రోత పుట్టింది. అన్నయ్య మీదో మొగుడి మీదో తన మీదో తేల్చుకోలేకపోయింది. తన సీసాలో మిగిలిన గుక్కెడు భర్తకు ఇస్తే, ఆయన అన్నయ్య వైపు చూసి, వద్దన్నాడు.

తర్వాతి మజిలీలో చిక్కుముడి ఏమిటంటే ఒక ఇసుక మనిషి. గోనెగుడ్డలో ఇసుక కుక్కి, పాత చొక్కా లాగూ తొడిగి, తలకు ఎర్రరంగు పూసి పడుకోబెట్టారు. గాయపడ్డవాడట. రెండు గెడలు, తాడు, వెంట తెచ్చుకున్న వానకోట్లు వాడి మోతమంచం కట్టి వాణ్ని ఆఖరి మజిలీకి చేర్చాలి. నేలకు తగలకూడదు. మధ్యలో వదిలేస్తే ఆ మజిలీ మొత్తానికి సున్నా. జట్టులో ఒక మనిషి ఆగిపోతే మాత్రం జట్టు సమయానికి ఏవో కొన్ని నిమిషాలు కలుపుతారు, అంతే. ఎవరైనా సొమ్మసిల్లితే మొహమాటపడకుండా మజిలీలోనే ఆగిపోతారని పెద్దమనుషులు పెట్టిన నిబంధన అది. రాసినవాడి మనసు మంచిదే. చదివేవాడి మనసు ఎవరు చూడొచ్చారు?

భర్త చకచకా ముళ్లు వేశాడు. మంచం గట్టిగా నిలిచింది. అయితే ఆయన ముఖం మీద చెమట లేదు. అంత ఎండలో, అంత బరువు మోసి, చర్మం ఇటుకలా ఎర్రగా ఎండిపోయి ఉంది. మజిలీ కాపలాదారు అది గమనించి, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఇక్కడే ఆగండి, బండి ఉందన్నాడు. భర్త నోరు విప్పేలోపు అన్నయ్య అందుకుని, మావాళ్లంతా ఉక్కు అన్నాడు. బాగానే ఉన్నానన్నాడు భర్త కూడా, నాలుక మడతపడుతుంటే.

క్వారీల మధ్య ఇరుకు దారిలో, మంచం ముందు గెడ కొస పట్టుకున్న భర్త ఉన్నట్టుండి ఆగాడు. ఏదో గుర్తొచ్చినట్టు పక్కకు చూశాడు. మోకాళ్ల మీద కూలబడి, అలాగే పక్కకు ఒరిగిపోయాడు. అన్నయ్య ఒక్క అరుపు అరిచాడు, మంచం నేలకు తగలనివ్వద్దని.

చెల్లెలు తన గెడ కొస వదిలేసి భర్త దగ్గరికి వెళ్లింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. పిలిస్తే పలుకు లేదు. కళ్లు సగం మూతపడి తెల్లగుడ్డు కనిపిస్తోంది. ఆమె అతని తల ఒడిలోకి తీసుకుని తలెత్తి చూసింది. అన్నయ్య, క్రేనన్న, ఇసుక మనిషిని ఇద్దరూ రెండు వైపులా పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు, పెళ్లిలో పల్లకీ మోసేవాళ్లలా.

"వాణ్ని ఆ రాతి నీడలో పడుకోబెట్టు," అన్నాడు అన్నయ్య. "వెనకాల ఎవరో ఒకరు వస్తారు, చూసుకుంటారు. మనం ముగ్గురం చాలు."

వెనక ఎవరూ లేరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందరూ ముందే వెళ్లిపోయారు కదా.

"అన్నయ్యా, ఈయన చచ్చిపోతాడు."

"ఎండదెబ్బకు ఎవడూ చావడు. కాసేపు పడుకుంటే లేస్తాడు. ఇది వదిలేస్తే సున్నా, వాడు ఆగిపోతే కాసిని నిమిషాలు. నువ్వే లెక్క చూసుకో."

ఆయన గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు ఊపిరి వదిలేసి ఆగు అని చెప్పినప్పటి గొంతే అది, అంత నెమ్మదిగా, అంత నమ్మకంగా. ఈ మనిషి చేతులు పట్టుకునా నేను పెరిగింది అని ఆమెకు ఒళ్లంతా జలదరించింది. ఆ చేతుల స్పర్శ గుర్తొచ్చి, బురదలో పడినప్పటికంటే ఎక్కువగా స్నానం చెయ్యాలనిపించింది.

ఆమె లేచింది. మంచం దగ్గరికొచ్చి గెడను భుజంతో ఒక్క తోపు తోసింది. ఇసుక మనిషి దొర్లి ధబ్బున కింద పడ్డాడు. ఒక చోట గోనె చిరిగి ఇసుక కారింది. మంచం నాకు కావాలి అందామె.

అప్పుడు అన్నయ్య చేసిన పని చూడాలి. నలుగురికీ చెప్పినా నమ్మరు. చుట్టూ చూశాడు. ఎవరూ చూడలేదని రూఢి చేసుకున్నాడు. వంగి, చిరిగినచోట చొక్కా లాగి కప్పాడు. ఇసుక మనిషిని ఒక పక్క తాను, ఒక పక్క క్రేనన్న పట్టి లేపితే, తన భుజం మీదికి వేసుకున్నాడు. నేలకు తగిలినట్టు ఎవరికీ చెప్పకండని, ముందుకు నడిచాడు. వెనక్కి తిరిగి ఒక్కసారైనా చూస్తాడేమోనని చెల్లెలు ఎదురుచూసింది. చూడలేదు. ఎర్రరంగు పూసిన గోనెతల ఆయన వీపు మీద అటూ ఇటూ ఊగుతూ మలుపు తిరిగిపోయింది. ఛీ అని ఉమ్మేసింది చెల్లెలు. జీవితంలో ఎప్పుడూ నేల మీద ఉమ్మి ఎరగదు.

క్రేనన్న ఆ మలుపు వైపు నాలుగడుగులు వేశాడు. ఆగాడు. బుర్ర గోక్కున్నాడు. వెనక్కొచ్చి, ఎటమ్మా వెళ్దాం అన్నాడు. వచ్చిన దారినే, బండి ఉంది కదా అందామె. ఇద్దరూ భర్తను మంచం మీదికి చేర్చి వెనుదిరిగారు. ఆయన వేసిన ముళ్లు దారంతా ఒక్కటీ జారలేదు. మజిలీ కాపలాదారు వాళ్లను దూరం నుంచి చూసి డబ్బా నీళ్లతో పరిగెత్తుకొచ్చాడు. తల మీద, మెడ మీద, చంకల్లో పోస్తూనే బండి ఎక్కించాడు. బండి కదిలేటప్పుడు క్రేనన్న, నేను కూడా నవ్వాను కదమ్మా ఇందాక, బూట్లు కడిగినప్పుడు అన్నాడు.

ఇక్కడ ఆస్పత్రిలో మనిషి ఐసు గడ్డల మధ్య పడి ఉంటే, అక్కడ పోటీ ముగిసేచోట చప్పట్లు మోగాయి. జట్టంతా చేతులెత్తేసినా ఒంటరిగా గాయపడ్డవాణ్ని భుజాన వేసుకొచ్చిన నాయకుడని మెచ్చుకుని, అన్నయ్యకు ప్రత్యేకంగా ఒక పతకం వేశారట. ఆ గాయపడ్డవాడికి ప్రాణం లేదన్న సంగతి ఎవరికీ ఇబ్బందిగా తోచినట్టు లేదు. నిజంగా పడిపోయినవాడి గురించి అడిగితే, అబ్బే, కాస్త నీరసం అన్నాడట.

మర్నాడు సాయంత్రానికి భర్త కళ్లు తెరిచాడు. ఇంకాస్త ఆలస్యమైతే కిడ్నీలు పోయేవని డాక్టరు చెప్పాడు. పెదాలు పగిలి, ముఖం పీక్కుపోయి, దుప్పటి కింద మనిషి ఉన్నాడా అన్నట్టున్నాడు. చెల్లెలు దూదితో పెదాలు తడుపుతూ కూచుంది. జరిగింది చెప్పాలా వద్దా అని రాత్రంతా మథనపడింది. ఎగతాళి భరించి, కుక్కలు వెంటపడుతున్నా పరిగెత్తి, ఆ మనిషి మెప్పు కోసం చావు దాకా వెళ్లాడు. ఆయన నిన్ను బస్తాకంటే తక్కువ చేశాడని ఎలా చెప్పడం? చెప్పకపోతే మళ్లీ వెళ్లి ఆయన ముందే చేతులు కట్టుకు నిలబడతాడు. మింగలేక కక్కలేక ఉంది ఆమె.

అప్పుడే అన్నయ్య వచ్చాడు. మెడలో పతకం తియ్యలేదు. దారిలో ఎవరెవరికి చూపించి వచ్చాడో, వరండాలో సిస్టరుతో నవ్వుతూ మాట్లాడి మరీ లోపలికొచ్చాడు. మంచం మీదికి వంగితే పతకం ఊగి భర్త గడ్డానికి తగిలింది. ఇప్పుడే చెప్పేద్దామని చెల్లెలు నోరు తెరిచింది. దుప్పటి కింద భర్త చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. అంత నీరసంలో అంత గట్టిగా.

"మీరే నన్ను భుజాన వేసుకుని మోసుకొచ్చారట కదా బావగారూ," అన్నాడు భర్త. "వరండాలో సిస్టరు అంటుంటే వినిపించింది."

అన్నయ్య చెల్లెలి వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆయన కళ్లలో ఏదో తడబడినట్టయి, అంతలోనే సర్దుకుంది.

"దానిదేముందిలే. నువ్వేమైనా పరాయివాడివా?" అని భర్త చెంప తట్టాడు. "వచ్చే ఏటికి బాగా తిని బలం పట్టు. నీకు చోటు ఉంచుతా."

భర్త నవ్వాడు, ఎప్పట్లాగే చప్పుడు లేకుండా. రేపు మళ్లీ వస్తానని అన్నయ్య వెళ్లిపోయాడు. వరండాలో ఆయన అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా భర్త ఆమె చెయ్యి వదల్లేదు.

వదిలాక చెల్లెలు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఇక ఆపుకోకుండా అనేసింది.

"ఆయన మోసింది మిమ్మల్ని కాదండీ. ఆ ఇసుక బస్తాని. మిమ్మల్ని ఆ ఎండలో వదిలేసి..."

"తెలుసు."

ఆమెకు అర్థం కాలేదు.

"కళ్లు తెరవలేకపోయాను గానీ చెవులకు వినిపిస్తూనే ఉంది," అన్నాడు భర్త. "ముగ్గురం చాలు అన్నాడు. లెక్క చూసుకోమన్నాడు. అంతా విన్నాను."

"మరి తెలిసీ ఎందుకలా అన్నారు?"

"కాదంటాడేమోనని. నేను కాదురా, వీళ్లు మోశారు అని ఒక్క మాట అంటే చాలనుకున్నాను. అంటే మిగతాదంతా మర్చిపోయేవాణ్ని. బూట్లు కూడా."

చెల్లెలు ఏడ్చింది. తన అన్నయ్య ఆ ఒక్క మాట కూడా అనలేనివాడైనందుకు సిగ్గుతో ఏడ్చింది. భర్త ఓదార్చలేదు. ఆమె ఏడుపు అయ్యేదాకా ఆగాడు.

"రేపొస్తే నేను నిద్రపోతున్నానని చెప్పు," అన్నాడు.

"ఎల్లుండీ వస్తే?"

"నిద్రపోతున్నాననే చెప్పు. ఆయన రావడం మానేసేదాకా."

"ఎంతో కాలం పట్టదులెండి," అంది చెల్లెలు.